టోకెన్ బంతి, తెల్ల చీటీ: సికింద్రాబాద్‌లో నాలుగు రోజులు

గురువారం

ఒంగోలులో రాత్రి ఎక్కిన సింహపురి తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో దించింది. స్టేషను కొత్తగా కడుతున్నారు. పాత ముఖద్వారం ఎటు పోయిందా అని దిక్కులు చూస్తూ నిలబడితే మామయ్యే నన్ను కనిపెట్టాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. ప్లాట్‌ఫారం మీద ఎవరు ఎటు నడవాలో ఇప్పటికీ తానే చెప్పాలన్నట్టు చెయ్యి ఊపుతాడు. ఆవిరి ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై, ముప్పై ఆరేళ్లు రైల్వేలో చేశాడు మరి.

అత్తయ్య పోయి రెండేళ్లయింది. నవంబరు 2న, మృతుల స్మరణ దినాన, నారాయణగూడ సమాధుల తోటకు తోడు రమ్మని ఫోన్ చేస్తే వచ్చాను. ఇందులో ఒక చిక్కుంది. మాది బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో, అమెరికన్ మిషనరీ క్లౌ దొర హయాంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతిని మా ఇంట్లో తాతల నాటి ఆస్తిలా చెప్పుకుంటారు. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మావాళ్లలో లేదు. మనిషి పోయాక లెక్క దేవుడి దగ్గర ఉంటుంది, మన సిఫారసు అక్కర్లేదంటారు. అత్తయ్య రోమన్ కతోలిక్కు. వాళ్లకు ఉత్తరించు స్థలం, అంటే పోయిన ఆత్మలు పరలోకం చేరేముందు శుద్ధి పొందే చోటు, ఉంది, అక్కడి ఆత్మల కోసం పూజలు చేయిస్తారు, నవంబరు నెలంతా వాళ్లను తలుచుకుంటారు. నలభై ఏళ్ల కాపురంలో ఈ ఒక్క విషయం మీద ఇద్దరికీ రాజీ కుదరలేదని మా అమ్మ చెప్పేది. మామయ్య మా అమ్మకు తమ్ముడు. అమ్మ కూడా ఇప్పుడు లేదు.

స్టేషను నుంచి తిన్నగా ఇంటికి పోకుండా సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్‌కు తీసుకెళ్లాడు. ఫాదర్ డేనియల్ మర్ఫీ మొదలుపెట్టిన గుడి అది, 1850లో పూర్తయింది. 2008లో బసిలికా హోదా, అంటే పోపు కొన్ని గుళ్లకే ఇచ్చే గౌరవం, వచ్చింది. లోపల ఇద్దరు ముసలమ్మలు జపమాల చెప్పుకుంటున్నారు. మామయ్య వెనక వరుసలో రెండు నిమిషాలు కూర్చుని, లేచి, గుమ్మం పక్క బల్ల మీదున్న చీటీల కట్టలోంచి ఒకటి తీసుకున్నాడు. తెల్ల కాగితం, పైన ‘మృతుల పేర్లు’ అని అచ్చు, కింద అయిదు ఖాళీ గీతలు. పేర్లు రాసి పెట్టెలో వేస్తే పూజలో వాళ్ల కోసం ప్రార్థిస్తారు. తీసుకున్నాడు గాని రాయలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, కళ్లద్దాల వెనక దోపుకున్నాడు.

మెట్టుగూడలో ఇల్లు. సాయంత్రం అరుగు మీద కూర్చుని జామకాయలు కోస్తూ ఉద్యోగం ఎలా ఉందన్నాడు. నేను దస్తావేజు లేఖరిని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట నాకో బల్ల, కంప్యూటరు. హద్దులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ కాగితాలు, ఇవే నా లోకం. ఆ మాటల్లోనే, ఈమధ్య మా సంఘానికి వచ్చిన ఒక బోధకుడు చెప్పిన సంగతి ఎత్తాను. బైబిల్లో హెబ్రీయులకు రాసిన ఉత్తరం, హెబ్రీ పత్రిక, పదకొండో అధ్యాయం మొదటి వచనం క్రైస్తవ ఇళ్లలో పిల్లలకు కూడా నోటికొచ్చు: “విశ్వాసమనునది నిరీక్షింపబడువాటి యొక్క నిజస్వరూపమును, అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువునై యున్నది.” ఇక్కడ ‘నిజస్వరూపము’ అన్నచోట గ్రీకులో ఉన్న మాట హుపోస్తాసిస్. ఈజిప్టు ఇసుకలో దొరికిన పాత పపైరస్ కాగితాల్లో అదే మాట ఆస్తి పత్రాల సందర్భంలో కనిపిస్తుంది. అందుకని కొందరు పండితులు దాన్ని ‘హక్కు పత్రం’ అని కూడా అర్థం చెప్పారు. విశ్వాసమంటే కంటితో చూడని ఆస్తికి చేతిలో ఉన్న దస్తావేజు అని ఆ బోధకుడు చెబితే సంఘమంతా ఆమెన్ అంది. నాకు మాత్రం నోరు రాలేదు.

“ఎందుకని?” అన్నాడు మామయ్య.

“ఒకే స్థలాన్ని ముగ్గురికి రాసిచ్చిన దస్తావేజులు నా చేతుల మీదుగా పోయాయి మామయ్యా. ముగ్గురూ స్టాంపు కాగితాన్ని కళ్లకద్దుకున్నవాళ్లే. మూడోవాడు పొలం దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ పొలమే లేదు, చెరువుంది.”

ఆయన నవ్వలేదు. కోయని జామకాయ ఒకటి ఏరి నా అరచేతిలో పెట్టాడు. “టోకెన్ ఎప్పుడైనా చూశావా?”

సింగిల్ లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు రాకూడదు కదా. అందుకని అటు స్టేషనులో ఒకటి, ఇటు స్టేషనులో ఒకటి యంత్రాలు ఉండేవి, రెంటికీ మధ్య తీగ. వాటిలో ఇనప బంతులు. ఒక్కో బంతి మీద ఆ రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి. అవతలి స్టేషను మాస్టరు ఒప్పుకుంటేగాని ఇవతలి యంత్రం బంతిని వదలదు. ఒక బంతి బయటికి వచ్చాక అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో బంతి ఎవరు లాగినా రాదు. ఆ బంతి చేతికి అందితేనే డ్రైవరు బండి కదపాలి. ఆగకుండా పోయే బండి అయితే, బెత్తం రింగుకు కట్టిన తోలు సంచిలో బంతి వేసి ప్లాట్‌ఫారం మీద ఒక మనిషి ఎత్తి పట్టుకుంటాడు. ఇంజనులోంచి చెయ్యి చాపి ఆ రింగును మోచేతి వంపులోకి వేసుకోవాలి. మామయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. మోచేతికి నాలుగు వేళ్ల కింద, గోరంత వెడల్పున, వంకీ తిరిగిన నల్లటి మచ్చ. ఒక వానరాత్రి రింగు తగిలిన చోటట.

“అవతలి స్టేషను మాస్టరును నేను చూడలేదు. చాలామంది మొహాలు సర్వీసంతా చూడనే లేదు. ఆయన మాట మాత్రం నా చేతికి వచ్చింది, బరువుగా. చీకట్లో లైటు ఎంతమేర పడితే అంతే కనపడుతుంది. ఆ తర్వాత ఏముందో తెలియదు. అయినా బండిని వదిలేవాణ్ని.”

“మరి యంత్రం చెడిపోతే?” అన్నాను. నా వృత్తి అలాంటిది, లొసుగు దొరికేదాకా మనసు ఊరుకోదు.

“కాగితం మీద రాసిచ్చేవారు. పేపర్ లైన్ క్లియర్ అనేవాళ్లం. ఆ రోజుల్లో ఇంకాస్త ఎక్కువ నమ్మాల్సి వచ్చేది” అన్నాడు. జామకాయ వెనక్కి తీసుకుని ఉప్పూకారం అద్ది తినేశాడు.

శుక్రవారం

బొల్లారం వెళ్దామన్నాడు. రైలు ఉన్న చోటికి బస్సులో పోవడం ఆయన దృష్టిలో తప్పు. ఎమ్‌ఎమ్‌టీఎస్ ఎక్కాం. కిటికీ పక్క కూర్చుని ప్రతి సిగ్నలూ తానే పలికాడు.

హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది, కంటోన్మెంటు కాలపు కట్టడం. 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి భర్తతో కలిసి ఇక్కడ ఆరాధనకు వచ్చారు, అది వాళ్ల ముప్పై ఆరో పెళ్లిరోజు. ఈ సంగతి తెలియని క్రైస్తవుడు జంటనగరాల్లో దొరకడు. మేం బయటి నుంచే చూశాం. రంగుటద్దాల కిటికీలు బయటి నుంచి నల్లగా, మసిపట్టినట్టు ఉంటాయి, లోపలికి వెళితేనే రంగులు తెలుస్తాయి. విశ్వాసమూ అంతేనని చెప్పే ఉపమానాన్ని పాస్టర్లు ఎంత అరగదీశారంటే, ఆ కిటికీలను చూడగానే నాకు ఆవలింత వచ్చింది. చెట్ల కింద మాత్రం చల్లగా ఉంది. అక్కడే పులిహోర పొట్లాలు విప్పుకుని తిన్నాం.

రాత్రి సంగతి వేరు. పక్కింటి కుర్రాడు పట్టుబట్టి ఒక ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్లాడు. ఏ సంఘమో చెప్పను. రేకుల షెడ్డు, వెయ్యి కుర్చీలు, గుండెల మీద గుద్దుతున్నట్టు స్పీకర్లు. తెల్ల కోటు వేసుకున్న బోధకుడు గంటన్నర సేపు దయ్యాల పేర్లు చదివాడు: అప్పుల దయ్యం, ఆలస్యపు దయ్యం, వీసా రాకుండా అడ్డుపడే దయ్యం. ఒక అమ్మాయి జుట్టు విరబోసుకుని పడిపోయింది. మైకు ఆమె నోటి దగ్గర పెట్టి “నీ పేరేమిటి, చెప్పు!” అని గద్దించాడు. కెమెరా దగ్గరికి జరిగింది. తర్వాత కానుక కవర్లు పంచారు, కవరు మీద మన సమస్య రాయడానికి జాగా కూడా ఉంది.

పౌలు ఎఫెసీయులకు రాసినది నేను కాదనను. మనం పోరాడేది శరీరులతో కాదు, అంధకార శక్తులతో అన్నాడు. సువార్తల్లో యేసు దయ్యాలను వెళ్లగొట్టాడు. కానీ మార్కు రాసిన దాంట్లో చూడండి, కపెర్నహూము సమాజమందిరంలో అపవిత్రాత్మ కేకలు వేస్తుంటే ఆయన “ఊరకుండుము” అన్నాడు. దాని నోరు మూయించాడు. ఇక్కడ దాని నోటికి మైకు పెడుతున్నారు. అదృశ్యమైనదాన్ని నమ్మడం వేరు, టికెట్టు పెట్టి చూపించడం వేరు. ఆ రెండోది జరుగుతున్నచోట నేను కూర్చోలేను.

లేవబోతుంటే పక్క కుర్చీలోని ఆవిడ కనిపించింది. చీర కొంగు తల మీదికి లాక్కుని, ఆ గోలకు సంబంధం లేనట్టు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గొణుగుతోంది. ఒక్క మాట చెవిన పడింది: “వాడికి అన్నం సయించేలా చెయ్యి తండ్రీ.” మళ్లీ అదే. మళ్లీ అదే. స్టేజీ వైపు తలెత్తలేదు. నేను లేచినప్పుడు చేసిన చప్పుడుకు సిగ్గుపడ్డాను.

ఇంటికి వస్తూ మామయ్య అన్నది ఒకటే మాట: “ఆ కోటాయన సిగ్నలు తనకు తనే వేసుకుంటున్నాడురా. ఎక్కడో గుద్దుతాడు.”

శనివారం

నవంబరు 1, సకల పునీతుల పండుగ. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌కు వెళ్లాం. నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు, ఆ పేరు అలా నిలిచింది. మూసారాంబాగ్ పేరు కూడా ఆయన మీదుగా వచ్చిందే. మొస్యే రేమండ్ నోళ్లలో నలిగి మూసారాం అయ్యాడు. ఫిరంగులు పోసిన పేటలో తర్వాత గుడి లేచింది. 1875 క్రిస్మసు నాడు ఇందులో మొదటి పూజ జరిగింది. గోపురాల్లో ఇటలీ నుంచి తెప్పించిన గంటలున్నాయి.

పూజ అయిపోయాక మామయ్య లేవలేదు. జనం పలచబడ్డారు. ఒక కుర్రాడు కొవ్వొత్తుల మైనాన్ని చాకుతో గీకుతున్నాడు. ‘పరిశుద్ధుల సహవాసమును నమ్ముచున్నాను’ అని విశ్వాస ప్రమాణంలో చెప్పుకుంటాం కదా, ఆ సహవాసంలో పోయినవాళ్లు కూడా లెక్కేనా అని అడిగాడు. లెక్కేనని మా పాస్టరు గారు కూడా చెబుతారన్నాను. “మరి లెక్కలో ఉన్నవాళ్లతో మాట్లాడకూడదంటే ఎలా?” అన్నాడు. దీనికి బాప్టిస్టు జవాబు నాకు తెలుసు. మాట్లాడాల్సింది దేవుడితో, వాళ్లతో కాదు. కానీ ఆయన అడిగింది జవాబు కోసం కాదని గొంతులోనే తెలిసింది. ఊరుకున్నాను.

ఊరుకుని, మూడేళ్లుగా ఎవరికీ చెప్పనిది చెప్పాను.

అమ్మ చివరి వారం ఆస్పత్రిలో. కిడ్నీలు పనిచేయడం లేదు, సగం మాటలు అర్థమయ్యేవి కావు. రాత్రి రెండు గంటలప్పుడు కళ్లు తెరిచి తలుపు వైపు చూసి, స్పష్టంగా, “తెల్లబట్టల్లో ఎవరో నిలబడ్డారు, కుర్చీ వెయ్యి” అంది. నేను తిరిగి చూశాను. ఎవరూ లేరు. నర్సు అంతకు ముందే వచ్చి వెళ్లింది, ఆమెదీ తెల్లబట్టే. అదే గుర్తుండి పలవరించిందనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. ఆ మర్నాడు సాయంత్రం పోయింది. అంత్యక్రియలప్పుడు పాస్టరు గారు బైబిల్లోని దోతాను ఊరి కథ చెప్పారు. సిరియా సైన్యం ఊరిని చుట్టుముట్టితే ప్రవక్త ఎలీషా పనివాడు హడలిపోతాడు. వీడి కళ్లు తెరువుమని ఎలీషా ప్రార్థిస్తాడు. కొండ నిండా అగ్ని గుర్రాలు, అగ్ని రథాలు కనిపిస్తాయి. చుట్టాలంతా కళ్లు తుడుచుకున్నారు. నాకు ఒకటే ఆలోచన: ఆ రాత్రి నేను కుర్చీ వేయలేదు. ఎవరున్నా లేకపోయినా, అమ్మ అడిగింది కాబట్టి వేయాల్సింది.

మామయ్య ఏ ఓదార్పు మాటా అనలేదు. దర్శనమనీ అనలేదు, భ్రమ అనీ అనలేదు. చాలాసేపటికి అడిగాడు: “తలుపు తెరిచి ఉందా, వేసి ఉందా?”

“ఓరగా వేసి ఉంది.”

తల ఊపాడు, డ్యూటీ రిజిస్టరులో రాసుకున్నట్టు.

ఆదివారం

ఉదయం గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను ప్రార్థనా మందిరానికి. ఇది సువార్తికుడు భక్తసింగ్ గారి చోటు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టినవాడు. చదువుకునే రోజుల్లో చేతికొచ్చిన బైబిలును చింపేసి, అట్ట బాగుందని అది మాత్రం ఉంచుకున్నాడట. ఇంజనీరింగు చదవడానికి విదేశం వెళ్లి, 1929లో కెనడాలో అదే పుస్తకం చదివి క్రీస్తును నమ్మాడు. 2000 సెప్టెంబరులో ఈ ఊళ్లోనే చనిపోయాడు. ఆయన గురించి పెద్దవాళ్లు తప్పకుండా చెప్పే సంగతి, అవసరాలు దేవుడికే చెప్పేవాడు, జనాన్ని చందాలు అడిగేవాడు కాదని. శుక్రవారం నాటి కవర్ల తర్వాత ఈ మాట నాకు చన్నీళ్లలా తగిలింది.

చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చున్నాం. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. ఆరాధన మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఎవరికి తోచినప్పుడు వారు లేచి ప్రార్థిస్తారు. ఒకాయన తెలుగులో మొదలుపెడితే ఇంకొకాయన హిందీలో అందుకున్నాడు. నా మోకాళ్లు పట్టేశాయి, నిజం చెప్పాలంటే సగం ప్రసంగం వాటి గురించే ఆలోచించాను. చివర్లో ప్రేమవిందు, అందరికీ ఒకే వంట. నా పక్కన ఆటో తోలే అతను, అతని పక్కన ఎవరో పెద్ద ఉద్యోగి అని తర్వాత తెలిసింది. ఆయన చారు గిన్నె పట్టుకుని ‘ఇంకాస్త?’ అని వంగి అడుగుతుంటే, దేవదూతలూ రథాలూ గుర్తు రాలేదు, చారు బాగుందన్నదే గుర్తుంది. ఇలాంటివాటిని కూడా కనపడనివాటి లెక్కలో రాస్తారేమో.

నాలుగింటికి నారాయణగూడ. గేటు దగ్గర బంతిపూలు, చామంతులు, కొవ్వొత్తుల కట్టలు. లోపల సంతలా ఉంది. సమాధుల మీద గడ్డి పీకేవాళ్లు, సున్నం వేసేవాళ్లు, పిల్లలకు బిస్కెట్లు పంచేవాళ్లు. ‘ప్రభువునందు నిద్రించిన’ అన్న మాట ఎటు చూసినా. వృత్తిదోషం, నేను అన్నిటి తారీఖులూ చదువుతాను. ఒకచోట పుట్టిన తేదీ, పోయిన తేదీ ఒక్కటే. ఆ చిన్న సమాధి మీద ఎవరో అప్పుడే పెట్టిన ప్లాస్టిక్ బొమ్మకారు ఉంది. చక్రాలకు దుమ్ము కూడా అంటలేదు.

భక్తసింగ్ గారిని పాతిపెట్టింది కూడా ఈ తోటలోనే. మామయ్య అటు పోలేదు, అత్తయ్య దగ్గరికి నడిచాడు. బకెట్టుతో నీళ్లు తెచ్చి రాయి కడిగాం. ఆయన చేతిగుడ్డతో అక్షరాల సందుల్లో మట్టి తీశాడు, ఒక్కొక్క అక్షరం, అగ్గిపుల్లతో. ఫాదర్ గారు తీర్థం చల్లుకుంటూ మా వరుస దాకా వచ్చారు. చల్లించుకుంటాడా అని చూశాను. తల వంచాడు. చుక్కలు కళ్లద్దాల మీద పడితే తుడుచుకోలేదు.

నాకు రాత్రి బండి. స్టేషనుకు వెళ్లేముందు సెయింట్ మేరీస్ దగ్గర ఆటో ఆపించాడు. గుమ్మం పక్క బల్ల మీద చీటీల పెట్టె అలాగే ఉంది. జేబులోంచి నాలుగు రోజుల చీటీ తీశాడు. చెమటకు మడతల దగ్గర కాగితం మెత్తబడింది. నా పెన్ను అడిగి తీసుకుని, గోడకు ఆనించి, మొదటి గీత మీద అత్తయ్య పేరు రాశాడు. రైల్వేవాళ్ల చేతిరాత, విడివిడిగా నిలబడ్డ అక్షరాలు.

రెండో గీత మీద పెన్ను పెట్టి నా వైపు చూశాడు. “అక్క పేరు రాయనా?”

మా అమ్మ బతికుంటే ఒప్పుకునేది కాదు. “నా కోసం ఎవరో కతోలిక్కు గుళ్లో అడుక్కోవాలా?” అనేది. ఆ గొంతు కూడా వినిపించింది. మార్కు సువార్తలో ఒక తండ్రి ఉంటాడు, జబ్బుపడ్డ కొడుకును తీసుకొచ్చి ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అని ఒక్క ఊపిరిలో రెండూ అనేస్తాడు. అంత కూడా నాకు రాలేదు. “ఇంటిపేరుతో రాయండి” అన్నాను.

“పుట్టింటిదా, మెట్టినింటిదా?”

“మీ ఇంటిదే రాయండి మామయ్యా.”

రాశాడు. చదివి చూసుకుని కాగితం నా చేతికిచ్చాడు, తప్పులుంటే దిద్దమన్నట్టు. పోయినవాళ్ల పేరు ముందు ‘లేట్’ అని రాయకుండా ఒక్క దస్తావేజు కూడా నా బల్ల దాటదు. చూశాను. రెండు పేర్ల ముందూ లేదు. బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు. చీటీ పాత మడతల మీదే మడిచి పెట్టెలో వేశాను.